గుడియాత్తం మిద్దెగదిలో పాట

వేలూరునుండి గుడియాత్తం పోవుటకు రెండు దారులున్నవి. కాట్పాడి, కె.వి.కుప్పం మీదుగా పోయేది ఒకటి. బెంగుళూరు రోడ్డున పళ్ళికొండదాకా పోయి, అక్కడి ఉత్తర రంగనాథస్వామికి బస్సులోనుండే ఒక నమస్కారం పెట్టి, కుడిచేతికి తిరిగేది రెండవది. ఎటు పోయినా పాలారు దాటవలసిందే, ఎటు పోయినా 30 కిలోమీటర్లకు కొంత పైమాటే. పాలారు పేరుకు పాలేరుగాని ఏడాదిలో ఎక్కువ నెలలు అది యిసుకేరు. రైలు కూడా వున్నది. అయితే స్టేషను ఊరికి దూరం. దిగిన తర్వాత మళ్ళీ బస్సో ఆటోవో చూసుకోవలె. కావున మాబోటివారము బస్సునే నమ్ముకొంటాము.

ఊరు కౌండిన్యానది ఒడ్డున వున్నది. లుంగీలు, అగ్గిపెట్టెలు, బీడీలు యీ ఊరి పేరును నలుదిక్కులకూ మోసుకొనిపోయినవి. 1954లో కామరాజు ముఖ్యమంత్రి అయిన తర్వాత శాసనసభకు నిలబడి గెలిచినది యీ గుడియాత్తం ఉపయెన్నికలోనే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు పక్కనున్న పలమనేరు అటు పోయింది, గుడియాత్తం ఉత్తర ఆర్కాటులో యిటు నిలిచింది. గీత గీసినవారికి భాష సంగతి యెంత తెలుసునోగాని, యిప్పటికీ యిక్కడ వీధిలో అరవం, వంటింట్లో తెలుగు వున్న కుటుంబాలు చాలా వున్నవి. వైకాశి మాసం మొదటితేదీన గంగమ్మ శిరస్సు ఊరేగి గోపాలపురం గుడికి చేరుతుంది. ఆనాటి జనం, కొబ్బరికాయల మోత, ప్రతి సందు మొగన లౌడుస్పీకర్ల గోల చూసినవారికి గుడియాత్తం శబ్దాల ఊరని తోచక మానదు.

కాని ఆ ఊరి అసలు శబ్దం అది కాదు. ఏడాది పొడుగునా వినవచ్చేది మగ్గం చప్పుడు. గుంటమగ్గం చప్పుడుకు ఒక తీరు వున్నది: కాలితొక్కుడు, నాడె పరుగు, పలక దెబ్బ. దగ్గర కూర్చుని మాట్లాడుకోవచ్చు, పాటకూడా పాడుకోవచ్చు. మరమగ్గం అట్లా కాదు. మరమగ్గాల షెడ్డులో ధ్వని 90 డెసిబెల్సు దాటడం మామూలు. రోజుకు 8 గంటలు వినదగిన ధ్వనికి హద్దు 85 అని ఆరోగ్యశాస్త్రం తెలిసినవారు చెప్పుతారు. ఆ హద్దు దాటిన చోట ముప్పై, నలభై ఏండ్లు గడిపిన చెవి ఏమవుతుందో చెప్పడానికి పండితులు అక్కరలేదు. మా మామగారే సాక్షి.

మా మామగారు చిన్నతనంలో గుంటమగ్గం నేసినారు, తర్వాత షెడ్డులో మేస్త్రీ అయినారు. ఇప్పుడు డెబ్బైయెనిమిదేండ్లు. పాటలంటే ప్రాణం. 1963లో వచ్చిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ సుప్రభాతం రికార్డు, ఘంటసాల పాటల రికార్డులు, బాలమురళివి కొన్ని, పెట్టెలో పాత లుంగీగుడ్డ చుట్టి పెట్టుకొన్నారు. ఆయన ఒక మాట తరచు అంటారు. త్యాగరాజస్వామి శిష్యుడు వేంకటరమణ భాగవతారు (1781-1874) వాలాజాపేటలో వుండి గురువుగారి కృతులు వ్రాసిపెట్టకపోతే మన చెవికి యెన్ని దక్కేవో అని. ఆ వ్రాతప్రతులు యిప్పుడు మధుర సౌరాష్ట్ర సభలో వున్నవి. వాలాజాపేట మా వేలూరికి తూర్పున వున్నది గనుక ఆ గొప్పలో మాకూ ఒక చిన్న వాటా వున్నదని మేమనుకొంటాము.

రెండేండ్లుగా మామగారు పాట వినడం మానుకొన్నారు. పిల్లలు ఫోనులో పాట పెడితే లేచి వాకిట్లోకి పోతారు. "ఇప్పటి పాటల్లో మాటే లేదే అల్లుడూ, ఎవురో దూరంగా గొణిగినట్టుండాది" అన్నారు. వారు విన్నది ఇప్పటి పాట కాదు, 1963 నాటి సుప్రభాతమే.

వేలూరుకు తీసుకువచ్చి చెవి పరీక్ష చేయించినాము. గాజుగదిలో కూర్చోబెట్టి సన్ననివీ లావువీ స్వరాలు వినిపించి కాగితంమీద గీత గీస్తారు. ఆ గీత 500, 1000 ఆవృత్తులదాకా బాగానే నడిచి, 4000 దగ్గర గోతిలో పడినట్టు పడిపోయింది. శబ్దంలో బ్రతికినవారి చెవికి మొదట దెబ్బ తగిలే తావు అదేనట. సకార శకారాలు, తాళాల జలజల, వీణమీద మీటు తగిలే చురుకు అన్నీ ఆ పైభాగంలోనే వుంటవి. లోపలిచెవిలో వుండే సన్నని రోమకణాలు మనిషిలో ఒకసారి చచ్చితే మళ్ళీ మొలవవు. చెవియంత్రం యిచ్చినారు. మాటకు అది మేలే చేసింది. అత్తగారు ఒకమాట రెండుసార్లు చెప్పే శ్రమ తగ్గింది. పాటకు మాత్రం ఆయన దాన్ని తీసి జేబులో వేసుకొంటారు. ఈ యంత్రాలు మనిషి మాటకోసం సర్దినవి, నిలకడగా సాగే శ్రుతిని యీలగా పొరబడి అణచివేయవచ్చు. పాటకు వేరే ఏర్పాటు వున్న యంత్రాలు కూడా వున్నవి, ధర వేరే. మామగారి మాటలో చెప్పవలెనంటే, వీణ రేకుడబ్బా అయిపోతున్నది.

ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడినవి. వినబడని మనిషికి నిలువెత్తు స్పీకర్లు ఎందుకు, ఆ డబ్బు బ్యాంకులో వేస్తే మందులకైనా వస్తుందిగదా అని ఒక పక్షం. అత్తగారు ఆ పక్షానికి నాయకురాలు. మా బావమరిదిదీ మాదీ రెండవ పక్షం. పోయిన భాగం పోయింది. మిగిలిన భాగం యింకా బాగున్నది. గాత్రం ఆధారశ్రుతి, దాని పైస్వరాలలో చాలా మట్టుకు, తంబురా, మృదంగం తొప్పి, యివన్నీ వినబడే భాగంలోనే వున్నవి. ఫోనులోని గోరంత స్పీకరు సరిగ్గా ఆ భాగాన్నే పలకలేదు. పైన చెవి లేక, క్రింద పలికేది లేక, ముసలాయనకు మధ్యన మిగిలింది గొణుగుడే. ఇంకా ఎన్నేండ్లు ఆ మాత్రం చెవి వుంటుందో ఎవరు చెప్పగలరు? వాయిదా వేసే వ్యవహారం కాదని మేమన్నాము.

ఇక్కడ చదువరులకు స్పీకరు సంగతి కొంచెం చెప్పవలె. కాగితపు శంఖం, దాని వెనుక తీగెచుట్ట, చుట్ట చుట్టూ అయస్కాంతం, యిదే దాని సరంజామా. 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అను యిద్దరు దీనికి పద్ధతైన రూపం యిచ్చినారు. నేటికీ మూలం అదే. లావు స్వరాలకు గాలిని ఎక్కువగా కదిలించవలె గనుక ఊఫరు పెద్దది, సన్ననివాటికి ట్వీటరు చిన్నది, ఏ స్వరం ఎవరికని పంచిపెట్టేది క్రాసోవరు. లావు స్వరాలకు పెట్టెలో చోటు కావలె. ఆ చోటును అడ్డంగా పెంచక నిలువుగా పెంచితే నేలమీద నిలబడే స్పీకరవుతుంది, స్టాండు అక్కరలేదు.

ఇంగ్లండులో గిల్బర్ట్ బ్రిగ్స్ అనే ఆయన 1932లో ఇల్క్‌లీ ఊళ్ళో తన యింటి నేలమాళిగలో స్పీకరు చేసి వార్ఫ్‌డేల్ కంపెనీ పెట్టినాడు. అంతకుముందు ఆయన పని యార్క్‌షైరు బట్టల వ్యాపారంలో. ఆ వ్యాపారం పడిపోయినప్పుడు యీ పనికి వచ్చినాడు. భార్యకూడా చేయి వేసింది. కంపెనీ పేరు వార్ఫ్ నది లోయ పేరు. 1954లో లండను రాయల్ ఫెస్టివల్ హాలులో అసలు వాద్యాన్నీ స్పీకరు ధ్వనినీ పక్కపక్కన వినిపించి జనాన్ని తేడా చెప్పుకోమన్నాడు. బట్టలవాడు, నది ఒడ్డు ఊరు అనగానే మామగారికి ఆయనమీద బంధుప్రీతి పుట్టింది. "మనోడే" అన్నారు.

స్పీకరు కొనేముందు గదిని ఎరగవలెనని మేము చదివివుంటిమి. బావమరిది నమ్మలేదు. అందుచేత ఒకనాడు వేలూరు కోటలోనికి తీసుకుపోయినాము. జలకంఠేశ్వరస్వామి గుడిలో లింగం నాలుగువందల యేండ్లు లేక, సత్తువాచ్చారిలో వుండి, 1981లో మళ్ళీ లోపలికి వచ్చింది. ఆ గుడి కల్యాణమండపం శిల్పం చూడవలసిందేగాని చెప్పతరం కాదు. తెల్లదొరలు ఆ మండపాన్ని ఆయుధాలు దాచే కొట్టుగా వాడుకొన్నారంటే వాళ్ళ రసజ్ఞత తెలుస్తూనే వున్నది. జనం పలచబడిన తర్వాత బావమరిదిని స్తంభాలమధ్య నిలబెట్టి "శంభో" అనమన్నాము. అన్నాడు. రాతికి తగిలి, పక్కరాతికి తగిలి, శబ్దం కొంతసేపు తిరిగి ఆరింది. "ఇప్పుడు గడగడా నాలుగు మాటలు చెప్పు" అన్నాము. మాట మీద మాట పడి అలికినట్టయింది. అప్పుడతడికి అర్థమయింది. మంచి చెవికే అట్లా వుంటే మామగారి చెవికి గట్టిగోడల గది ఎంత చేటు!

1895 ప్రాంతంలో అమెరికాలో హార్వర్డు విద్యాలయంలో సబైన్ అను ఆచార్యుడు, మాట అర్థంకాని ఒక ఉపన్యాసశాలలోకి నాటకశాల దిండ్లు మోయించి, ఒక్కొక్క దిండుకూ శబ్దం ఎంత త్వరగా ఆరుతున్నదో రాత్రులు కూర్చుని కొలిచినాడు. శాస్త్రం అంతా ఆ దిండ్లనుండే మొదలు. గుడియాత్తంలో దూదికీ గుడ్డకూ కరువా?

మామగారి మిద్దెగది ఒకప్పుడు నూలుకండెలు దాచినది. 14 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తు. సున్నపుగోడలు, ఎర్రగచ్చు నేల. శబ్దం సెకనుకు సుమారు 1125 అడుగులు పోతుంది. దాన్ని గది కొలతకు రెండింతలతో భాగించితే ఆ గది ఏ లావు స్వరాన్ని పట్టుకొని ఊగులాడుతుందో తెలుస్తుంది. మాకు పొడవునకు 40, వెడల్పునకు 47, ఎత్తుకు 56 వచ్చినవి. అంటే అంత లోతుకు ఊదరగొట్టే పెట్టెను మూల పెడితే గది తానే మోగి మిగతాదాన్ని మింగుతుంది. నేలకు భవాని జంపఖానా పరిచినాము. వెనుకగోడకు బూరుగుదూది పరుపు నిలబెట్టినాము. తెరలకు లుంగీగుడ్డ చాలునని మామగారన్నారుగాని పలుచనిగుడ్డ శబ్దాన్ని ఆపదు. మందమైనది రెండింతల వెడల్పున మడతలు పడేట్టు వేయించినాము. ఆయన కొంచెం చిన్నబుచ్చుకొన్నారు.

స్పీకర్లకోసం చెన్నపట్నం పోయినాము. కలకత్తాలో 1970లో పుట్టిన సోనోడైను మొదలు పైదేశాల వాటిదాకా పేర్లకు కొదవ లేదు. ఒక పెద్ద అంగడిలో ఏసీ గది, తివాచీ, ఎనిమిదంగుళాల ఊఫర్లు రెండేసి వున్న పెట్టెలు. అంగడివాడు సినిమాలో బాంబులు పేలే దృశ్యం వేసి మా మొహాలు చూసినాడు. మేము మా రికార్డింగు యిచ్చినాము: ఒక గాత్రకచేరి, మృదంగం వేలూరు రామభద్రన్‌ది. ఆయన (1929-2012) వేలూరులో పుట్టి, సర్వలఘువుకు పేరుపడి, 2004లో సంగీతకళానిధి అయిన విద్వాంసుడు. పాట ఎత్తుకోగానే తొప్పి శబ్దం శిరస్సు పండుగనాటి లౌడుస్పీకరువలె గదంతా నిండి, గాయకుడు ఆ వెనుక ఎక్కడో వుండిపోయినాడు. "బేస్ చూడండి సార్" అని అంగడివాడు మురిసిపోతున్నాడు. బేస్ తప్ప మరేమీ కనబడలేదని బావమరిది అరవంలో మెల్లగా అన్నాడు. వాడికి అరవమే గదా వచ్చు, విన్నాడు.

రెండవ అంగడి చిన్నది, మనిషి పెద్దవాడు. ఎవరికోసం అని మొదట అడిగినాడు, గది కొలతలు రెండవ ప్రశ్న. చెవిపరీక్ష కాగితం చూపించితే కండ్లజోడు పెట్టుకొని చదివినాడు. తర్వాత ఆరున్నర అంగుళాల ఊఫర్లు రెండు, ట్వీటరు ఒకటి, గాలిరంధ్రం ముందువైపున వున్న జతను చూపించినాడు. గాలిరంధ్రం వెనుక వుంటే పెట్టెను గోడకు బాగా దూరం జరపవలె. మా గదిలో అడుగున్నరకు మించి చోటు లేదు. దాని శ్రవణశక్తి, అనగా ఒక వాట్టుకు ఒక మీటరు దూరాన వచ్చే ధ్వని, 90 డెసిబెల్సు. పక్కజతది 87. మూడే తేడా అనుకోరాదు. ఆ మూడుకోసం ఆంప్లిఫైరు రెండింతల వాట్లు పెట్టవలె. మా యింటి పాత ఆంప్లిఫైరు 40 వాట్లది. ఇంట్లో వినే ధ్వనికి నిజంగా ఖర్చయ్యేది రెండు మూడు వాట్లే గాని, తాళవాద్యం ఒక్కసారిగా ఎగిరినప్పుడు చేతిలో మిగులు వుండవలె. ధర మా మూడునెలల జీతం. మూడువంతులు బావమరిది, ఒకవంతు మేము.

స్టాండుమీది చిన్న పెట్టెలు తక్కువ ధరలో వస్తవి, మంచివీ వున్నవి. మాట దాచనక్కరలేదు, చిన్నగదికి చాలామందికి అవే తగును. మా సంగతి వేరు. మనుమలు నలుగురు వున్న యింట్లో సన్నని స్టాండుమీద పెట్టె ఎన్నాళ్ళు నిలుస్తుంది? పైగా గాత్రం అడుగుభాగం నిండుగా రావలెనన్నదే మా పట్టు.

ఇన్ని కొలతలు చూసిన ఆ పెద్దమనిషి చివర అడిగినాడు: "వారు కుర్చీలో కూర్చుంటారా?" అక్కడ ఆగిపోయినాము. నిలువు పెట్టెలో ట్వీటరు సుమారు 38 అంగుళాల ఎత్తున వుంటుంది, కుర్చీలో కూర్చున్నవాని చెవికి సమంగా. గుంటమగ్గంలో పుట్టి పెరిగిన మామగారు కుర్చీ ఎక్కరు. చాపమీద గోడకానుకొని కూర్చుంటారు. చెవి 28 అంగుళాలు మించదు. సన్ననిస్వరాలు దీపపు కాంతివలె సూటిగా పోతవి. ఎదురుగా లేకపోతే తగ్గుతవి. ఉన్నదే కాస్త, అదికూడా తలమీదుగా పోతే? పెట్టెను ముందుకు వంచితే పిల్లలమీద పడుతుంది. కుర్చీ తెద్దామంటే మామగారు "నేనేమన్నా తాసిల్దారునా?" అన్నారు. మూడురోజులు అదే చర్చ. ఆఖరుకు బావమరిది వడ్రంగిని పిలిచి తొమ్మిదంగుళాల ఎత్తున అరుగువంటి బల్ల చేయించి, దానిమీద పలుచని బూరుగుదూది పరుపు వేసినాడు. అరుగంటే ఆయనకు అభ్యంతరం లేదు.

రెండురోజులు యింట వుంచుకొని నచ్చకపోతే వాపసు చేయవచ్చునని చెన్నపట్నం పెద్దమనిషి ఒప్పుకొని, ముందుగా కొంత సొమ్ము కట్టించుకొని, వ్యానులో పంపినాడు. ఒక్కొక్కటి 20 కిలోలపైన. మిద్దెమెట్లు సన్నవి. ఎక్కించేసరికి నలుగురం చెమటలో తడిసినాము. అడుగున యినుపమొనలు యిచ్చినారుగాని ఎర్రగచ్చు చిట్లుతుందని అత్తగారు ఒప్పుకోలేదు, రబ్బరుబిళ్ళలు వేసినాము. రెండు పెట్టెలమధ్య ఏడడుగులు, అరుగుకు అంతే దూరం, కొంచెం లోపలివైపు తిప్పి.

మొదటిరోజు సాయంకాలం తొప్పి కొంచెం ఎక్కువగానే మోగింది. గాలిరంధ్రంలో స్పాంజి దూర్చితే తగ్గుతుందని ఎరుగుదుము, స్పాంజి లేదు. మామగారే లేచి పెట్టెలోనుండి పాత లుంగీ తీసి చుట్టగా చుట్టి యిచ్చినారు. రెండు రంధ్రాలకు రెండు ముక్కలు. సరిపోయింది. తెరల వ్యవహారంలో పోయిన గౌరవం ఆయనకు తిరిగి దక్కింది. ఆంప్లిఫైరులో ట్రెబుల్ బిళ్ళ రెండుగీతలు పెంచినాము.

సుప్రభాతం పెట్టలేదు, మంచిదైనా అది ఆయనకు కంఠతా వచ్చు గనుక పరీక్షకు పనికిరాదు. కచేరి రికార్డింగు పెట్టి ఎవరిదని చెప్పకుండా వూరుకొన్నాము. ఆయన చెవియంత్రం తీసి జేబులో వేసుకొని గోడకానుకొన్నారు. పల్లవి అయింది. అనుపల్లవి అయింది. మొహంలో ఏమీ తెలియదు. అత్తగారు గడపదగ్గర నిలబడి మావైపు ఒక చూపు చూసినారు. చరణంలో గాయకుడు నెరవలు మొదలుపెట్టినాడు, మృదంగం అతడి వెన్నంటి మెత్తగా నడుస్తున్నది. మామగారి కుడిచేయి తొడమీద కదిలింది.

"ఇది మన యేలూరు రామభద్రం గదా" అన్నారు.

అవునన్నాము. తంబురా వినబడుతున్నదా అని బావమరిది అరిచి అడిగినాడు. "ఎందుకట్లా అరుస్తావు? ఉండాదిలే" అన్నారు. తాళాలు వినబడవనీ, శకారం కొన్నిచోట్ల తాము వూహించుకొంటున్నామనీ తామే చెప్పినారు. అది ఏ స్పీకరూ తీర్చలేనిది. మరి కాసేపటికి చేయెత్తి "కొంచెం తగ్గించప్పా" అన్నారు. ఏండ్ల తరబడి ఆ యింట్లో ఏ మాటనైనా పెంచమని అడిగినవారేగాని తగ్గించమన్నది మేము వినలేదు. రాత్రి పదకొండుదాకా రికార్డులు ఒకటి తర్వాత ఒకటి. అత్తగారు అన్నానికి రెండుసార్లు పిలిచి, మూడవసారి తామే అరుగుమీద ఒక మూల కూర్చున్నారు.

అరుగు యిద్దరికి యిరుకుగా వున్నది. వడ్రంగికి మళ్ళీ కబురు పెట్టినాము. మూడవనాడు వ్యాను వచ్చి ఖాళీగా తిరిగిపోయింది. బాడుగ మాత్రం రెండువైపులా మేమే యిచ్చుకొన్నాము.